ఖరగ్‌పూరులో తెలుగు బొత్తాము

రైల్వే వర్కుషాపు కొలువులకై ఖరగ్‌పూరు చేరిన తెలుగు కుటుంబములలో, తెలుగు మాటాడుచు చదువనేరని పిల్లలు కలరు. వారికి అక్షరములు చూపు చిన్న ప్రోగ్రామునకు, 1970లో నిక్లాస్ విర్త్ బోధనకై వెలువరించిన పాస్కల్ భాష చాలును. దానిని వ్రాయుటకు ఉచితముగా లభించు పనిముట్టు లాజరస్.

అయితే లాజరస్ తెరమీది బొత్తామును తాను గీయదు. లినక్సులో ఆ పనిని క్యూటీ వంటి సామగ్రికి అప్పగించును. క్యూటీ భాష సీ ప్లస్ ప్లస్. పాస్కలునకు అది పరభాష. కావున నడుమ క్యూటీ5పాస్ అను దుబాసీ వలయును. దీనిని అమర్చక, ప్రాజెక్టులో క్యూటీ5 ఎన్నుకొన్నచో ప్రోగ్రామును కూర్చు లింకరు ఆగిపోవును. పాపము, నింద పాస్కలుపై పడును!

అమరిక ముగిసిన పిదప బొత్తాముపై "అమ్మ" అని వ్రాసి నడపవలెను. మకారపు వత్తు క్రిందికి దిగినచో సరి; ఖాళీ గళ్ళు కనబడినచో తెలుగు ఫాంటు వేయవలెను.