ఉగాదినాడు శ్రీఖండ్
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఉగాది వస్తోందంటే మనకు వేపపువ్వు, మామిడికాయ, కొత్త బెల్లం గుర్తొస్తాయి. అదే రోజు మరాఠీవారికి గుడీ పాడ్వా. వాళ్ళింట పూరీలు, శ్రీఖండ్ లేనిదే పండుగ కాదు. మన ఊరికి ఇదేమీ పరాయి వంటకం కాదు లెండి. 1956 దాకా మరాఠ్వాడా జిల్లాలు కూడా హైదరాబాదు రాష్ట్రంలోనివే కదా!

మేముండేది ఫిలింనగర్‌లో. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చాక ఇక్కడ ఒక్కో వాటాలో ఒక్కో భాష వినిపిస్తుంది. మా పై వాటాలో ఒక మరాఠీ అమ్మాయి ఉంది. నన్ను 'కాకూ' అంటుంది, పిన్ని అన్నమాట. భర్త కెమెరా విభాగంలో పనిచేస్తాడు. నిరుడు ఉగాదికి ఆయన అవుట్‌డోర్ షూటింగుకు వెళ్ళాడు. ఈ పిల్ల నెలల బిడ్డతో ఒంటరిగా ఉంది. తల్లి రాలేకపోయింది. "శ్రీఖండ్ నేను చేసి తెస్తానమ్మా" అని మాటిచ్చేశాను. పెరుగూ పంచదారే కదా, ఇందులో ఏముంది అనుకున్నాను.

పండుగ ముందురోజు పొద్దున్నే ఇంట్లో మిగిలిన పెరుగును గుడ్డలో మూటగట్టి కుళాయికి వేలాడదీశాను. సాయంత్రానికి నోట పెట్టలేనంత పులుపు! పంచదార వేసినకొద్దీ వేశాను. తీపి పెరిగింది గానీ పులుపు పోలేదు. సిగ్గుపడుతూనే గిన్నె పట్టుకెళ్ళాను. ఆ అమ్మాయి ఒక చెంచా నోట్లో వేసుకుని నవ్వేసింది. వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మా అమ్మకూ మొదటిసారి ఇలాగే అయిందట కాకూ" అంది. బిడ్డను నా ఒళ్ళో పడుకోబెట్టి పద్ధతి చెప్పింది. అప్పటికప్పుడు పాలు తెప్పించి తోడుపెట్టాను. రాత్రి పదకొండింటికి పెరుగు గుడ్డకెత్తాను.

ఆ పద్ధతి ఇదీ. వెన్న తీయని గేదెపాలు ఒక లీటరు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, కమ్మటి పెరుగు ఒక చెంచా తోడు వేయాలి. గట్టిగా తోడుకోగానే, పులవకముందే, తడిపి పిండిన పల్చని గుడ్డలో మూటగట్టాలి. మూటను చిల్లుల గిన్నెలో ఉంచి, కింద మరో గిన్నె పెట్టి, ఫ్రిజ్‌లో ఏడెనిమిది గంటలు వదిలేయాలి. మన ఎండల్లో బయట వేలాడదీస్తే పెరుగును తోడుపెట్టిన సూక్ష్మజీవులు పని ఆపవు. నీరు ఓడేలోగా పులుపెక్కుతుంది. నేను చేసిన తప్పు అదే.

చివరికి 350 నుంచి 400 గ్రాముల ముద్ద మిగులుతుంది. దాన్ని వాళ్ళు 'చక్కా' అంటారు. దాని బరువులో ముప్పావు వంతు మెత్తని పంచదార పొడి కలిపి, సన్న జల్లెడలో చెంచాతో రుద్దుతూ దించాలి. మిక్సీలో వేయకండి, జారిపోతుంది. గోరువెచ్చని పాలలో నానిన కుంకుమపువ్వు, ఏలకుల పొడి కలిపి, పైన సారపప్పు చల్లితే సరి. ఓడిన నీళ్ళు పారబోయకండి. పూరీ పిండి కలపడానికి పనికొస్తాయి.

పండుగనాడు ఆ అమ్మాయి మా ఉగాది పచ్చడి తిని మొహం చిట్లించి, మళ్ళీ చెయ్యి చాపింది. మా గిన్నె నిండా పూరీలు పెట్టి పంపింది.

మీ పక్క వాటాలోనూ పుట్టింటికి దూరంగా ఉన్న పిల్ల ఉండవచ్చు. పండుగకు వాళ్ళింట ఏం చేస్తారో ఒక్కమాట అడగండి. వంట తప్పినా ఫరవాలేదు. పెరుగు మాత్రం కమ్మటిది చూసుకోండి.