మైనపు మెట్లు

హిమాయత్ సాగరు కట్ట చెంత మా యింట నొక బొబ్బిలి వీణ గలదు. ఒక వేసవిలో మైనము మెత్తబడి మెట్లు కదలినవి. దాని నమ్మి, ఉక్కు తంతుల కదలికను విద్యుత్తుగా మార్చి మ్రోగించు గిటారు కొనుమని మనుమడు పోరు పెట్టెను.

వానిని వెంటబెట్టుకొని బొబ్బిలి కడనున్న గొల్లపల్లికి పోయితిని. అచ్చటి పనివారు కుండను, దండిని ఒకే పనసమ్రానులో తొలుతురు. ఒక వృద్ధుడు మా వీణ మైనమును వెచ్చజేసి, మీటుచు, చెవి యొగ్గి, వెండ్రుకవాసి జరిపి, 24 మెట్లను నిలిపెను. కొలబద్ద ముట్టలేదు. గిటారు మెట్లను కొలిచి దిగగొట్టుదురు. వీణ మెట్లకు చెవియే కొలత. మధ్యాహ్నభోజనము మాట యెవరికిని తోచలేదు.

మనుమడు గిటారు నడుగుట మానలేదు. వీణ నమ్ముమనుట మాత్రము మానినాడు.