కొవ్వొత్తి ఆరిపోతే ఇంటికి వెళ్లిపోవాలి!

ఈ ఎపిసోడ్‌లో సౌత్ ఆఫ్రికా వెళ్దాం. టాపిక్ ఏంటంటే, ఆఫ్రికానర్ల పాతకాలం ప్రేమ వ్యవహారాలు, వాటికి వాళ్లు వాడే మాటలు.

ముందు ఆఫ్రికానర్లు ఎవరో చెప్తాను. 1652లో డచ్ కంపెనీ కేప్‌లో స్థావరం పెట్టింది. అలా వచ్చి స్థిరపడిన డచ్, జర్మన్, ఫ్రెంచ్ వాళ్ల వారసులే వీళ్లు. భాష ఆఫ్రికాన్స్.

అప్పట్లో పొలానికీ పొలానికీ మధ్య మైళ్ల దూరం. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలవాలంటే నాఖ్‌మాల్ రావాలి. అంటే చర్చిలో ప్రభు భోజన ఆరాధన. మూడు నెలలకోసారి కుటుంబాలన్నీ ఎడ్ల బండ్లు కట్టుకుని ఊరికి వచ్చి, అక్కడే మకాం వేసేవి. చూపులు కలిసేది అక్కడే.

నచ్చితే అబ్బాయి గుర్రమెక్కి అమ్మాయి ఇంటికి వస్తాడు. దీనికి ఒక మాట ఉంది, ఫ్లెర్క్‌స్లీప్. అంటే రెక్క ఈడ్చడం. కోడిపుంజు ఒక రెక్క కిందికి వాల్చి పెట్ట చుట్టూ తిరుగుతుంది చూడండి, అదన్నమాట! పల్లెటూరి వాళ్లకి వెంటనే అర్థమైపోతుంది.

ఇప్పుడు అసలు సీన్. పెద్దవాళ్లు పడుకోవడానికి వెళ్తారు. ముందు గదిలో వీళ్లిద్దరూ, మధ్యలో ఒక కొవ్వొత్తి. దాని పేరు ఓప్‌సిట్‌కెర్స్. ఓప్‌సిట్ అంటే మేలుకుని కూర్చోవడం, కెర్స్ అంటే కొవ్వొత్తి. అది వెలుగుతున్నంతసేపే మాటలు. ఆరిందా, అబ్బాయి గుర్రమెక్కాలి. మా సాఫ్ట్‌వేర్ భాషలో సెషన్ టైమవుట్!

కొవ్వొత్తి ఎంత పొడుగుంటుందనేది ఎవరు డిసైడ్ చేస్తారు? కొన్ని కథల్లో తల్లిదండ్రులు, కొన్నింట్లో అమ్మాయే. నచ్చితే పొడుగుది, నచ్చకపోతే పొట్టిది. కాస్త ఉప్పు చల్లి మెల్లగా కాలేలా చేసేవాళ్లని కూడా చెప్తారు.

నాకు ఇందులో బాగా నచ్చిందేంటంటే, 'నువ్వు నాకు నచ్చలేదు' అని మొహం మీద అనాల్సిన పని లేదు. పొట్టి కొవ్వొత్తి చూడగానే విషయం అర్థమైపోతుంది. బతిమాలడం, గొడవ పెట్టుకోవడం, వెంటపడటం లేవు. అలా తిరస్కరణ ఎదురైతే బ్లౌకీ లూప్ అంటారు. బ్లౌ అంటే నీలం, లూప్ అంటే నడవడం. అబ్బాయి 'చిన్న నీలం నడిచాడు' అని జనం నవ్వుకునేవాళ్లు, అంతే. నో అనేది అక్కడితో అయిపోయేది. కుదిరితే మాత్రం అబ్బాయి వెళ్లి ఓఎర్స్ ఫ్రా చేయాలి, అంటే అమ్మాయి తల్లిదండ్రుల్ని అడగడం.

ఇదంతా క్యూట్‌గానే ఉంది. కానీ ఇక్కడితో ఆపేస్తే సగం కథే చెప్పినట్టు. ఆ ముందు గదిలోకి ఎవరు రావచ్చు అనే ప్రశ్న కూడా ఉంది కదా?

1948లో ఆఫ్రికానర్ల నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. తెల్లవాళ్లు, ఇతరుల మధ్య పెళ్లిళ్లు 1949లో నిషేధం. 1950లో శారీరక సంబంధం కూడా నేరం. పోలీసులు రాత్రిళ్లు ఇళ్లలోకి దూరి పడకలు కూడా చెక్ చేసేవాళ్లు. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, వాళ్ల వారసులకీ ఇవే చట్టాలు. ఇవి రద్దయింది 1985లో. ఇంకో విషయం, ఆఫ్రికాన్స్ మాతృభాషగా ఉన్నవాళ్లలో సగానికి పైగా తెల్లవాళ్లు కారు. అంటే ఒకే భాషలో ప్రేమ కబుర్లు చెప్పుకునే ఇద్దరిని కూడా చట్టం విడదీసింది.

చివరిగా ఒక్క మాట చెప్తాను, ఫ్రెయ్. ఆఫ్రికాన్స్‌లో దీనికి ప్రేమించడం, సరసమాడటం అని అర్థం. అవే అక్షరాలు, అదే ఉచ్చారణతో ఇంకో అర్థం కూడా ఉంది: స్వేచ్ఛగా ఉండటం. ఆ రెండు అర్థాలూ భాషలో పక్కపక్కనే ఉన్నాయి. చట్టంలోకి రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

మీ ఇళ్లలో తాతమ్మల కాలం నాటి ఇలాంటి మాటలుంటే అడిగి తెలుసుకోండి, వాళ్లు ఉన్నప్పుడే. మళ్లీ కలుద్దాం, బై!