పతకం మీద ఇసుక గీతలు

2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. ఆ క్రీడల పతకానికి రూపమిచ్చింది డెల్వీన్ కాకటూ-కాలిన్స్ అనే ఆదివాసీ కళాకారిణి. ఆమెది క్వీన్స్‌లాండ్ తీరంలోని మిన్‌జెరిబా దీవి, క్వాండమూకా ప్రజల సొంత నేల. పటాల్లో మాత్రం దాని పేరు నార్త్ స్ట్రాడ్‌బ్రోక్.

అల వెనక్కి పోయాక తడి ఇసుకలో మిగిలే మెత్తని గీతలే పతకం ముఖం మీది బొమ్మ. పోటు వచ్చినప్పుడల్లా అవి చెరిగి, మళ్లీ కొత్తగా పడతాయి. క్రీడాకారుల ఎదుగుదల కూడా అలాంటిదేనన్నది ఆమె భావం. వెనకవైపు మంచినీటిని, ఉప్పునీటిని సూచించే సంప్రదాయ నమూనాలున్నాయి. వాటి పక్కన యూగరీ, అంటే అక్కడి ఇసుకలో దొరికే ఒక రకం ఆల్చిప్ప. వేడుకనాడు, ఇంటికి ఎవరైనా వచ్చిననాడు యూగరీని వండుకుని పంచుకు తింటారు. గెలిచినవాళ్ల మెడలో ఒక విందు గుర్తు వేలాడదీయడం ముచ్చటైన ఊహ.

ఆదివాసీ గుర్తులు పతకం మీదికి రావడం ఎంత పెద్ద మార్పో తెలియాలంటే అదే దేశంలో 2000లో జరిగిన సిడ్నీ ఒలింపిక్స్ పతకాన్ని చూడాలి. దాని ఒకవైపు గ్రీకుల విజయదేవత, ఆమె వెనక రోమ్ కొలోసియంలాంటి కట్టడం ఉన్నాయి. 1928 నుంచి నడుస్తూ వచ్చిన ఇటలీ శిల్పి కసియోలీ నమూనాకు అది కొనసాగింపు. ఆతిథ్యమిచ్చిన నేల మీద వేల ఏళ్లుగా ఉన్నవాళ్ల జాడ ఆ వైపు లేదు. అయితే పతకంతో అంతా చక్కబడిందనుకోనక్కర్లేదు. 2018లోనూ ఆదివాసీ ఉద్యమకారులు ఆ పోటీలను ‘దోచుకున్న సంపద క్రీడలు’ అంటూ గోల్డ్‌కోస్ట్ వీధుల్లో నిరసన తెలిపారు.

ఆ ఇసుక గీతలు తెలుగు ఇళ్లకూ చేరాయి. బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో పి.వి. సింధు, కిడాంబి శ్రీకాంత్ రజతాలు తెచ్చారు. బాక్సింగ్‌లో నిజామాబాద్ హుసాముద్దీన్‌కు కాంస్యం దక్కింది. వెయిట్‌లిఫ్టింగ్ 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి స్వర్ణం గెలిచిన రాగాల వెంకట్ రాహుల్‌ది బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. బ్రిటిష్ పాలకులు నేరస్థ తెగలని ముద్రవేసిన ఎరుకలవాళ్లను ఒకచోట కట్టిపడేయడానికి వెలిసిన సెటిల్‌మెంట్ అది. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతిలో ఉండేది. మిన్‌జెరిబాలోనూ మయోరా అనే మిషన్ ఉండేది. ఎక్కడుండాలో, ఎవరిని పెళ్లాడాలో, కూలి డబ్బు ఎవరి దగ్గరుండాలో కూడా అధికారులే తేల్చే 1897 నాటి చట్టం క్వీన్స్‌లాండ్ ఆదివాసుల మీద నడిచింది. పతకం తయారుచేసినవాళ్లు ఈ పోలికను ఎరిగి ఉండరు. అయినా ఆ దీవి గీత ఈ ఊరి మెడలో పడింది.

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ బడుల్లో స్పోర్ట్స్ డే నాడు పిల్లలకిచ్చే పతకం సంగతి వేరు. తేలికపాటి లోహం, పసుపు పూత, మూడు రంగుల రిబ్బను. నడుమ ఒక గుండ్రటి గుంట ఉంటుంది, బడి పేరు అచ్చేసిన స్టిక్కర్‌ను అందులో అతికిస్తారు. ఏడాది తిరిగేసరికి స్టిక్కర్ ఊడిపోతుంది, గుంట మిగులుతుంది. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం చుట్టుపక్కల పెరిగే పిల్లలకు మొదటి పతకం సాధారణంగా ఇదే.

ఆ గుంటలో పెట్టదగ్గ పనితనం తెలంగాణలోనే ఉంది. జైనూరు ప్రాంతపు ఓజాలనే లోహశిల్పులు గోండుల కోసం దేవతామూర్తులు, గంటలు పోతపోస్తారు. మట్టి ముద్ద మీద తేనెమైనపు తీగలను వరసగా చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తుతారు. కాల్చితే మైనం కరిగి కారిపోతుంది, ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. మైనపు తీగ గుర్తు లోహం మీద గీతలుగా నిలిచిపోతుంది. ఆదిలాబాద్ డోక్రాగా ఈ పనికి 2018లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రతిసారీ మూసను పగలగొట్టాల్సిందే కనుక ఒకదానిలాంటిది ఇంకొకటి రాదు. వాంకూవర్ 2010 ఒలింపిక్స్‌లో ఇదే గుణాన్ని కోరి తెచ్చుకున్నారు. కెనడా ఆదివాసీ కళాకారిణి కొరీన్ హంట్ గీసిన పెద్ద తిమింగలం బొమ్మలోంచి ఒక్కో పతకానికి ఒక్కో ముక్క తీసి ముద్రించారు. ఓజాల చేతిలో ఆ తేడా అడగకుండానే వస్తుంది. వేలకొద్దీ పతకాలు ఆ పద్ధతిలో కుదరవు. ఒక బడి స్పోర్ట్స్ డేకి కావలసినవి కొన్ని డజన్లే.