గూటి దీపం నుండి సీలింగు దీపం వరకు



"గూట్లో దీపం, నోట్లో ముద్ద" అన్న సామెత మీలో చాలామంది పెద్దల నోట వినే ఉంటారు. పొద్దు వాలగానే గోడలోని గూట్లో దీపం వెలిగించి, ఆ వెలుతురులో భోజనం ముగించిన రోజుల మాట అది. గోడ కట్టేటప్పుడే ఆ గూటికి చోటు విడిచేవారు. నేడు బెంగుళూరులో మనం కట్టుకొనే ఇళ్ళలో ఆ గూడు ఫాల్స్ సీలింగులోకి చేరింది. అందులో పొదిగే దీపాలను డౌన్‌లైట్లు అంటున్నాము. చోటును ముందుగా నిర్ణయించుకోవలసిన అవసరం మాత్రం మారలేదు.

నేను అనువాదకురాలినే గాని విద్యుత్ నిపుణురాలిని కాను. మా ఇంట జరిగిన పొరపాటు నేర్పిన సంగతులే మీ ముందుంచుతున్నాను.

మా కొత్త ఇంటి హాలులో 8 డౌన్‌లైట్లు పెట్టించాము. గృహప్రవేశానికి వచ్చినవారందరూ మెచ్చుకున్నారు. కొద్దిరోజులకే మా అత్తగారు సాయంత్రం పుస్తకం పట్టుకొని వంటింటి బల్ల వద్దకు వెళ్ళడం మొదలుపెట్టారు. మా మధ్య కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదేమోనని నొచ్చుకున్నాను. అడిగితే, "అక్కడ నా నీడే పుస్తకం మీద పడుతోందమ్మా" అన్నారు. దీపం ఆమె కుర్చీకి కాస్త వెనుకగా, నెత్తిమీద పడింది. సీలింగు గీతల అందం చూశామే గాని, కింద ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూడలేదు.

కాబట్టి మొదట కాగితం మీద హాలు గీసి, సోఫా, పెద్దల కుర్చీ, టీవీ, ఫ్యాను గుర్తించండి. ఆ తరువాతనే దీపాల లెక్క. సీలింగు ఎత్తులో సగం దీపాల మధ్య దూరంగా, అందులో సగం గోడ నుండి దూరంగా తీసుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. ఎత్తు 10 అడుగులైతే దీపాల మధ్య 5 అడుగులు, గోడకు రెండున్నర. 15 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల హాలుకు వరుసకు 3 చొప్పున 6 దీపాలు సరిపోతాయి. ఇది ఆరంభపు లెక్క మాత్రమే. ఫ్యాను రెక్కలకు పైన దీపం పడితే గదినిండా నీడలు తిరుగుతాయి. మధ్య దీపాలను గోడవైపు జరపండి. టీవీ తెరలో ప్రతిఫలించే దీపాన్నీ జరపండి.

దీపాలన్నిటినీ ఒకే స్విచ్చుకు కలపవద్దు. కూర్చునే చోటుకు, నడిచే దారికి వేర్వేరు స్విచ్చులుంటే అవసరమైనంతే వెలిగించుకోవచ్చు. హాలుకు 2700 నుండి 3000 కెల్విన్ల పసుపు ఛాయ వెలుగు కంటికి హాయి. 6500 కెల్విన్లది నీలిఛాయ తెలుపు. కొనేటప్పుడు వాట్లతో పాటు ల్యూమెన్లూ చూడండి. వాట్లు ఖర్చయ్యే విద్యుత్తును, ల్యూమెన్లు వచ్చే వెలుతురును తెలుపుతాయి.

వైరింగు పనిని లైసెన్సు గల కాంట్రాక్టరుకే అప్పగించండి. సీలింగు మూసే ముందు, కొలత టేపు కనబడేలా వైర్ల ఫోటోలు తీసి దాచుకోండి. ఫ్లాటు కొంటున్నవారు బిల్డరు వద్ద విద్యుత్ నమూనా చిత్రం అడిగి, మార్పులేవైనా ఆ దశలోనే చెప్పండి.

మేము సీలింగును మళ్ళీ కోయించలేదు. అత్తగారి కుర్చీ పక్కన, భుజానికి కొంచెం పైగా వెలుగు పడేలా ఒక నిలువు దీపం పెట్టాము. ఆమె తిరిగి హాలులోకి వచ్చి కూర్చుంటున్నారు. మీ ఇంటి పెద్దలను సీలింగు మూయకముందే అడగండి.