వ్రేళ్లతో గుండెను వినిన వైద్యురాలు



గుండె వైద్యునకు చెవియే ప్రాణమందురు. అట్టి వైద్యములో వినికిడి తగ్గిన వనిత యొకతె పేరుగాంచినది. ఆమె హెలెన్ టాసిగ్; 1898లో అమెరికాయందు జన్మించినది. 1930లో బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్‌కిన్స్ వైద్యాలయములో పిల్లల హృద్రోగ విభాగమునకు అధికారిణి యయ్యెను. స్టెతస్కోపు సరిగా వినబడకపోగా, పసిబిడ్డల రొమ్ముపై వ్రేళ్లుంచి గుండె కదలికను స్పర్శతోనే గ్రహించుట నేర్చుకొనెను.

ఆ దినములలో కొందరు బిడ్డలు పుట్టుకతో వచ్చిన గుండెలోపముచే ఒడలు నీలివర్ణమై మరణించుచుండిరి. ఊపిరితిత్తులకు చాలినంత రక్తము పోకపోవుటయే కారణము. ఎవరును ఏమియు చేయజాలకుండిరి. టాసిగ్ మాత్రము ఒక విశేషమును కనిపెట్టెను. పుట్టిన కొలది దినములలో సహజముగ మూసికొనిపోవు చిన్న నాళమొకటి గుండె చెంత నుండును. అది తెరచియున్నంత కాలము ఈ బిడ్డలు కొంత తేరుకొనియుండి, మూసికొనగనే క్షీణించుచుండిరి. అట్లయిన నాళమును క్రొత్తగా కల్పింపరాదా యని ఆమె యోచించెను.

ఆ యోచనకు చేయూతనిచ్చినవారు శస్త్రవైద్యుడు బ్లేలాక్, ఆయన ప్రయోగశాల సహాయకుడు వివియన్ థామస్. చేతికి పోవు రక్తనాళమును ఊపిరితిత్తుల నాళమునకు కలుపుటయే ఉపాయము. రైతు ఒక చేని నీటిని ఎండుచున్న మరియొక చేనికి మళ్లించినట్లు. కుక్కలపై ఆ విధానమును సాధించినది ముఖ్యముగా థామసే. ఆయన నల్లజాతివాడు; కళాశాల చదువు లేనివాడు. చిరకాలము కీర్తి తక్కిన యిద్దరికే దక్కుట న్యాయము గాదు. 1944 నవంబరు 29న తొలి శస్త్రచికిత్స జరిగినపుడు బ్లేలాక్ వెనుక పీటపై నిలిచి సలహాలు చెప్పినవాడు ఆయనయే.

ఆ పసిపాప కొన్ని నెలలే జీవించెను. మూడవ రోగి ఆరేండ్ల బాలుడు. శస్త్రము ముగియునప్పటికి, బల్లపై నుండగనే, వాని నీలి పెదవులు ఎఱ్ఱబడెను.