సువాలి రేవు దాకా వచ్చిన దొర

సూరత్‌లోని డిండోలిలో ఉండే మన తెలుగువాళ్లు ఈ ఊరంటే చీరలు, మగ్గాలు అనే అనుకుంటారు. ఒక ఇంగ్లండు ప్రభువు కథకూ ఈ ఊరితో చుట్టరికం ఉంది.

ఆయన జేమ్స్ లే, మార్ల్‌బరో మూడో ఎర్ల్. 1618లో పుట్టాడు. ఇరవై ఏళ్లకే తండ్రి బిరుదు, దాంతోపాటు ప్రభువుల సభలో చోటు దక్కాయి. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చినప్పుడు రాజు పక్షం పట్టి నౌకాదళం నడిపాడు. ఆ పక్షం ఓడింది, 1649లో రాజు తల తెగింది.

1660లో రెండో చార్లెస్ గద్దెనెక్కాక మళ్లీ మార్ల్‌బరోకు పని పడింది. చార్లెస్ పెళ్లాడిన పోర్చుగీసు రాకుమారి కేథరిన్ కట్నంగా బొంబాయి వచ్చింది కదా, దాన్ని స్వాధీనం చేసుకోవడానికి 1662లో అయిదు ఓడలతో బయల్దేరాడు. తీరా వెళ్తే పోర్చుగీసు వైస్రాయి కాగితాలు సరిగా లేవని ఇవ్వనన్నాడు! వెంట వచ్చిన సైనికులను సూరత్ రేవు సువాలిలో దించుదామంటే, మొగలు అధికారులకు కోపం వస్తే వ్యాపారం పోతుందని సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్ద జార్జ్ ఆక్సెండెన్ వద్దన్నాడు. వ్యాపారి లెక్క వ్యాపారిది మరి. పాపం, ఆ సైనికులు కార్వార్ దగ్గరి అంజెదీవ దీవిలో జబ్బులతో రాలిపోయారు. మిగిలిన కొద్దిమందికి 1665లో బొంబాయి దక్కింది.

అదే ఏడు జూన్‌లో, లోస్టాఫ్ట్ దగ్గర డచ్చివాళ్లతో జరిగిన పోరులో, అప్పటికే ఇంగ్లండు తిరిగి వెళ్లిన మార్ల్‌బరో ప్రాణం పోయింది. సంతానం లేదు, బిరుదు చిన్నాన్నకు వెళ్లింది.